ఏడో ఎక్కం

సంతోషకుమారి పొద్దున్నే కూతుర్ని కిటికీ ఊచకి కట్టేసింది. పాత చీర అంచు చింపి పేనిన తాడు అది. ఒక కొస ఎస్తేరు నడుముకి, ఇంకో కొస ఊచకి. ముందర చూచిరాత పుస్తకం, పెన్సిలు. పేజీ నిండితే ముడి విప్పుతుంది. ఆ తర్వాతే చద్దన్నం. ఈ ఏర్పాటు మొదలై ఏడాది దాటింది, ఇంట్లో ఎవరికీ వింతగా లేదు. పొయ్యి మీద టీ కాగుతోంది, వాకిట్లో అత్తగారు పున్నమ్మ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది, లోపల పిల్ల కిటికీకి కట్టేసి ఉంది.

ఎస్తేరుకి తొమ్మిదేళ్ళు. రెండు వరసలు గుండ్రంగా రాసింది. మూడో వరస సగంలో పెన్సిలు ఆగిపోయింది. తాడు సాగినంత మేరా సాగి, ఊచల మధ్య ముఖం పెట్టి బయటికి చూస్తోంది.

"ఏం చూస్తున్నావే?" అంది సంతోషకుమారి వెనక నుంచి.

"ఉడతమ్మా. దానికి సగం తోకే ఉంది. మిగతా సగం ఏమైందంటావు?"

చెంప మీద దెబ్బ పడింది. ఎస్తేరు ఏడవలేదు. "రాస్తానమ్మా, రాస్తాను" అంటూ పెన్సిలు కోసం తడుముకుంది. పెన్సిలు కిటికీ అవతల పడిపోయింది.

సైకిలు బయటికి తీస్తున్న ప్రేమదాసు వంగి దాన్ని ఏరి, ఊచల్లోంచి కూతురికి అందించాడు. ఆయన ప్రత్తిపాడు పత్తి మిల్లులో ఫిట్టరు. మెత్తటి మనిషి.

"ఇవాళ్టికి వదిలెయ్యి కుమారీ. బడికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు. ఇంత అన్నం పెట్టి తీసుకెళ్ళు."

"ఆయన వస్తున్నాడనే కట్టేశాను. మీరు మిల్లుకెళ్ళండి."

ఆయన ఒక్క నిమిషం నిలబడి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అలా వెళ్ళిపోయే మనిషే.

ప్రత్తిపాడుకి మూడు మైళ్ళలో ఉంది వాళ్ళ పల్లె. సంతోషకుమారి అక్కడి మిషను బడిలో నాలుగో తరగతి టీచరు. ఆమె తల్లీ తండ్రీ ఊళ్ళో రైతుల చేలల్లో మిరపకాయ కోతకి వెళ్ళి బతికినవాళ్ళు. "మీ పిల్లలకి కుదురు ఉండదే, నాలుగు రోజులు కూర్చుని ఐదోరోజు చేలో తేల్తారు" అని రైతులు అంటుంటే వింటూ పెరిగింది. ఆ మాట తప్పని చూపించడానికి పదిహేనేళ్ళు వీపు వంచకుండా కూర్చుని చదివింది. ట్రైనింగు పాసయింది. ఆ పల్లెలో ఉద్యోగం చేసే మొదటి ఆడమనిషి అయింది. అలాంటి మనిషికి కుదురన్నది లేని కూతురు పుట్టింది.

పుట్టిన దగ్గర్నుంచీ అంతే. నడక రాకముందే పరుగు. నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తుంది. నీళ్ళు తెమ్మంటే బిందె తీసుకుని వెళ్ళి, బిందె బావి దగ్గర పెట్టి, ఎవరింట్లోనో దూడ పుట్టిందని చూడ్డానికి పోతుంది. రెండు బిందెలు అలాగే పోయాయి. పాస్టరు గారు మూడు శుక్రవారాలు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పున్నమ్మ ఎవరికీ చెప్పకుండా దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు హయాత్ నులిపురుగుల మందు ఇచ్చాడు, తర్వాత నిద్ర సిరప్పు ఇచ్చాడు. సిరప్పు తాగిన వారం రోజులూ పిల్ల మబ్బుగా గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ వారం ఇల్లు ఎంతో హాయిగా ఉందని సంతోషకుమారికి ఇప్పటికీ గుర్తే.

చివరికి ఎవరికీ చూపించడం మానేసింది. ఇది జబ్బు కాదు, పొగరు అని తేల్చుకుంది. పొగరుకి మందు తన చేతిలోనే ఉంది.

*

ఇన్‌స్పెక్టరు పదకొండు గంటలకి వచ్చాడు. నాలుగో తరగతి గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి నమస్కారం పెట్టారు. హెడ్మాస్టరు యేసుపాదం గారు ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదట్లో బాగానే జరిగింది. ఆయన వెనక బెంచీలో పిల్లవాణ్ణి లేపి, పన్నెండు బుట్టల్లో బుట్టకి పదిహేను కాయలుంటే మొత్తం ఎన్ని అని అడిగాడు. వాడు వేళ్ళు లెక్కపెడుతుండగానే ఎస్తేరు కూర్చున్నచోటు నుంచి "నూట ఎనభై" అంది.

"నిన్నడిగానా?" అన్నాడాయన. అంటూనే ముచ్చటపడ్డాడు. "సరే, లే. ఏడో ఎక్కం చెప్పు."

ఎస్తేరు లేచి నిలబడింది. ఏడు ఒకట్లు ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. అప్పుడు రోడ్డు మీద పత్తి లారీ వెళ్ళింది. చిరిగిన గోనె బోరాల్లోంచి పత్తి గాల్లోకి లేచి, కిటికీలోంచి రెండు పింజలు లోపలికి వచ్చాయి. పిల్ల కళ్ళు వాటి వెంట పోయాయి. నోరు ఆగిపోయింది. తర్వాత కాళ్ళు కూడా పోయాయి. బెంచీ ఎక్కి ఒక పింజని పట్టుకోబోయి, పక్కపిల్ల భుజం మీద పడి, బల్ల మీది సిరాబుడ్డిని తన్నింది. సిరా ఇన్‌స్పెక్టరు గారి తెల్ల ప్యాంటు మీద మోకాలి దాకా చిందింది.

"ఎవరి పిల్ల ఇది?"

యేసుపాదం గారు నేల చూశాడు.

"నా కూతురేనండీ" అంది సంతోషకుమారి.

ఆయన రుమాలుతో ప్యాంటు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "సొంత పిల్లని కూర్చోబెట్టలేనిదానివి నలభైమందికి ఏం చెబుతావమ్మా. మీవాళ్ళ చేతికి బడులిస్తే ఇలాగే ఉంటాయని పైన అంటుంటే నేను కాదనేవాణ్ణి."

చిన్నప్పుడు రైతుల కల్లాల్లో విన్నమాటే మళ్ళీ, ఈసారి తన తరగతిలో, తన పిల్లల ముందు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఆమె కూతురితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎస్తేరు పక్కనే నడుస్తూ, "టీచర్, నేను కావాలని తన్నలేదు టీచర్" అంటూనే ఉంది. బడిలో అమ్మని టీచర్ అనాలని నియమం. బడి దాటాక కూడా ఆ రోజు భయంకొద్దీ అలాగే పిలిచింది.

పున్నమ్మకి సంగతి అప్పటికే చేరింది. పల్లెలో అలాంటివి మనుషులకంటే ముందు వస్తాయి.

"కొట్టి కొట్టి నీ చెయ్యి అరిగింది గానీ దానికేం తెలిసింది" అంది తొడిమలు తీస్తూనే. "మా అమ్మ నాకు మిరపకాయ పొగ పెట్టింది. ఒక్కసారే. మళ్ళీ జన్మలో ఎదురు చెప్పలేదు నేను."

సంతోషకుమారి అత్తగారి మాట ఏనాడూ లెక్కచేసేది కాదు. ఆ రోజు విన్నది. పొయ్యిలోంచి నిప్పులు మూకుట్లోకి తీసింది. అత్తగారి చేటలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది. ఇంటి వెనక కిటికీ లేని సామాన్ల గది ఉంది. మూకుడు అందులో పెట్టి, పిల్లని లోపలికి నెట్టి, బయట గొళ్ళెం పెట్టింది.

"ఏడో ఎక్కం చెప్పు. ఏడు పదులు డెబ్బై దాకా వస్తే తలుపు తీస్తాను."

"చెబుతానమ్మా. తలుపు తియ్యమ్మా. చెబుతాను."

"ముందు చెప్పు."

ఏడు ఒకట్లు ఏడు. ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. దగ్గు. ఏడు నాలుగులు. దగ్గు. పొడవాటి దగ్గు. ఎక్కడ ఆపిందో మర్చిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. ఏడు ఒకట్లు ఏడు. తలుపు సందుల్లోంచి ఘాటు బయటికి వచ్చి సంతోషకుమారికే కళ్ళు మండాయి. ఆమె కదల్లేదు. ఏడైదులు దాకా ఒకసారి వచ్చింది, మళ్ళీ జారింది, మళ్ళీ మొదటికి పోయింది. నాలుగోసారి ఏడు రెళ్ళు దగ్గర గొంతు ఆగిపోయింది. తలుపు మీద చేత్తో కొట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. తర్వాత అదీ లేదు.

"ఏం, ఆపావేం?" అంది సంతోషకుమారి.

"నటన" అంది పున్నమ్మ వాకిట్లోంచి.

తలుపు తీసింది ప్రేమదాసు. మిల్లు నుంచి అప్పుడే వచ్చి, ఆ వాసనకి సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చాడు. పిల్ల తలుపుకి ఆనుకుని ఉందేమో, తెరవగానే ఆయన కాళ్ళ మీదికి వాలిపోయింది. కళ్ళు వాచి మూసుకుపోయి ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల్నుంచి ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. పెదాలు నల్లబడ్డాయి.

ఆయన పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తాడు.

హయాత్ ఇంజెక్షను ఇచ్చి, కళ్ళు కడిగి, చెవి ఆనించి రొమ్ము విన్నాడు. "ఇది నా చేతిలోది కాదయ్యా. గుంటూరు తీసుకెళ్ళు, ఇప్పుడే" అని రోడ్డు మీదికి వచ్చి, పత్తి లారీ డ్రైవరు గౌస్ బాషాని ఆపాడు. లారీ కదిలే వేళకి సంతోషకుమారి కూడా వచ్చి ఎక్కింది. గౌస్ బాషా బోరాల లారీని జీపులా తోలాడు. దారి పొడుగునా ప్రేమదాసు పిల్ల ముఖం గాలికి పెట్టి కూర్చున్నాడు. భార్య చెయ్యి చాపితే పిల్లని ఇవ్వలేదు.

*

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆక్సిజను పెట్టించింది. రెండు రోజులకి పిల్ల మామూలుగా ఊపిరి తీసుకుంది, కళ్ళు తెరిచింది. మూడో రోజు పొద్దున డాక్టరమ్మ పిల్ల గౌను పైకెత్తి నడుము చుట్టూ ఉన్న గీతని చూసింది. తాడు ఒరుసుకుని చర్మం మొద్దుబారి నల్లగా తేలిన గీత.

"ఇదేమిటి?"

ఎస్తేరే చెప్పింది. "నేను కదలకుండా ఉండటానికండీ. కట్టకపోతే నేను ఉండను."

డాక్టరమ్మ గౌను దించి, దుప్పటి కప్పి, తల్లిదండ్రుల్ని పక్కకి పిలిచింది. కేకలు వేస్తుందనుకుంది సంతోషకుమారి. వెయ్యలేదు. పిల్ల గురించి అడిగింది. ఎప్పట్నుంచి ఇలా ఉంది, పురిట్లో ఏమైనా అయిందా, ఫిట్సు వచ్చాయా, చెవులు సరిగా వినిపిస్తాయా, చూపు ఎలా ఉంది. అన్నీ రాసుకుంది.

"చెవులూ కళ్ళూ ఇక్కడ పరీక్ష చేయిస్తాను. ఒంట్లో ఇంకేదైనా ఉందేమో చూడటం నా వంతు. కానీ మీరు చెప్పేదాన్ని బట్టి ఇది నా ఒక్కదానితో అయ్యేది కాదు. పక్క బ్లాకులో జాన్ బాషా గారని ఉన్నారు, మానసిక వైద్యులు. ఆయనకి చూపించాలి."

"మా పిల్లకి పిచ్చి లేదండీ" అంది సంతోషకుమారి.

"లేదు. ఇలాంటి పిల్లల్ని చూసేది ఆయనే కాబట్టి పంపుతున్నాను. ఇంకో మాట. ఈసారి ఆ గీత నా కంట పడితే నేను పంపేది డాక్టరు దగ్గరికి కాదు."

మధ్యాహ్నం పున్నమ్మ కారేజీలో అన్నం తీసుకుని బస్సులో వచ్చింది. సంగతి విని వార్డులోనే గొంతెత్తింది.

"పిచ్చి డాక్టరు గుమ్మం తొక్కిన పిల్లని రేపు ఎవడు చేసుకుంటాడురా ప్రేమదాసూ? చర్చిలో తలెత్తుకుని కూర్చోగలవా? ఇంతకంటే ఆ గదిలోనే పోయుంటే దానికీ మనకీ విడుదలయ్యేది."

ఎస్తేరు మంచం మీద మేలుకునే ఉంది. వింటోంది. సంతోషకుమారికి ఆ మాట విని కోపం రావాలి. రాలేదు. ఒక్క క్షణం, లోపలెక్కడో, ఆ సిరప్పు తాగించిన వారం రోజుల నిశ్శబ్దం గుర్తొచ్చింది. అది గుర్తు రాగానే ఆమె తన్ను చూసి తనే జడిసింది.

ప్రేమదాసు తల్లి చేతిలోంచి కారేజీ తీసుకుని కింద పెట్టాడు. "అమ్మా, నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నువ్వు దాన్ని కట్టేస్తుంటే సైకిలెక్కి వెళ్ళిపోయినవాణ్ణి నేను. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. కానీ రేపు మాత్రం దాన్ని తీసుకెళ్తాను. నువ్వు రాకపోయినా తీసుకెళ్తాను."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ఆమెకి ఎదురు చెప్పడం అదే మొదలు.

*

జాన్ బాషా గారి గది ముందు బెంచీ మీద రకరకాల మనుషులున్నారు. సంతోషకుమారి కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని. లోపల డాక్టరు ఆమెని చాలాసేపు మాట్లాడనిచ్చాడు. ఎస్తేరు ఆ గదిలో ఫ్యాను స్విచ్చి నొక్కింది, బీరువా తలుపు తీసింది, డాక్టరు గారి స్టెతస్కోపు తన మెడలో వేసుకుంది. ఆయన ఏమీ అనకుండా చూస్తూ ఉన్నాడు.

"దీన్ని హైపర్ యాక్టివ్ అంటారమ్మా. మనసుని ఒకచోట నిలబెట్టే శక్తి ఈ పిల్లకి తక్కువ. కాలు విరిగిన పిల్లని పరుగెత్తమని కొడితే పరుగెత్తదు గదా. ఇదీ అంతే. పొగరు కాదు. పిచ్చీ కాదు."

"తగ్గుతుందాండీ?"

"కొంత తగ్గుతుంది. కొంత ఉంటుంది. ఒక మాత్ర రాస్తాను. అది నయం చెయ్యదు, పిల్ల కాస్త ఆగడానికి సాయపడుతుంది. నెలనెలా నేను చూడాలి. ఆకలీ బరువూ ఎలా ఉన్నాయో ఆ పిల్లల డాక్టరమ్మ చూస్తుంది. పక్క గదిలో కనకవల్లి గారని సైకాలజిస్టు ఉన్నారు. ఆవిడ మందులివ్వరు. పరీక్షలు పెట్టి పిల్ల ఎక్కడ జారిపోతోందో కనిపెడతారు, ఇంట్లో ఎలా మెలగాలో మీకు నేర్పుతారు." ఆయన కాగితం మీద రాయడం ఆపి తలెత్తాడు. "ఇంకొకరు కూడా కావాలి. రోజుకి ఆరు గంటలు పిల్ల బడిలో ఉంటుంది. మా అందరి పనీ సగం, ఆ టీచరు పని సగం. ఈసారి వచ్చేటప్పుడు ఆ టీచరుని తీసుకురండి. మేం మాట్లాడతాం."

ప్రేమదాసు భార్య వైపు చూశాడు.

"ఆవిడకి సెలవు దొరకదండీ" అంది సంతోషకుమారి.

మర్నాడు కనకవల్లి గారి గదిలో పరీక్షలు జరిగాయి. ఆవిడకి నలభై అయిదేళ్ళుంటాయి. పిల్లతో పాటు చాప మీద కూర్చుంది. చెక్క ముక్కలు పేర్పించింది, బొమ్మల్లో తప్పులు పట్టించింది, అంకెలు చెప్పి వెనకనుంచి ముందుకి చెప్పమంది. తల్లిని తెర అవతల కుర్చీలో కూర్చోమన్నారు. అక్కణ్ణుంచి అన్నీ వినిపిస్తున్నాయి.

"నీకు ఎక్కాలు వచ్చా ఎస్తేరూ?"

"వచ్చండీ. ఏడోది తప్ప."

"ఏడు ఎనిమిదులు?"

"యాభై ఆరు."

"ఏడు ఆరులు?"

"నలభై రెండు. ఏడు తొమ్మిదులు అరవై మూడు."

"మరి వచ్చుగా."

"విడివిడిగా వచ్చండీ. వరసగా చెబితే మధ్యలో నేనెక్కడున్నానో నాకు కనపడదు. అప్పుడు మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి."

తెర అవతల సంతోషకుమారి కుర్చీ చేతుల్ని పట్టుకుంది.

"ఇంట్లో అమ్మ బాగా చూస్తుందా?"

చెక్క ముక్కల చప్పుడు మాత్రం వినిపించింది. "అమ్మ మంచిదండీ. కానీ ఎక్కువ రాదు."

"రాదంటే? ఎక్కడికి వెళుతుంది?"

"ఎక్కడికీ వెళ్ళదు. బడిలో అమ్మని టీచర్ అనాలండీ. ఇంటికొచ్చాక కూడా టీచరే ఉంటుంది. టీచరు కొడుతుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం అమ్మ వస్తుంది. మొన్న గదిలో కూడా నేను అమ్మని పిలిచాను. టీచరే ఉంది బయట."

సంతోషకుమారి లేచింది. తెర తప్పించుకుని లోపలికి వచ్చింది. ఆమె నీడ పడగానే ఎస్తేరు చేతిలోని చెక్క ముక్కలు వదిలేసి, రెండు అరచేతులూ ముందుకి చాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆ టీచరుని నేనేనండీ" అంది సంతోషకుమారి. "నిన్న డాక్టరు గారితో అబద్ధం చెప్పాను. ఆ టీచరుని నేనే."

చాచిన ఆ చేతుల ముందు ఆమె చతికిలబడింది. వాటిని పట్టుకుని ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. పిల్ల కళ్ళు తెరిచి, తల్లి ఏడుపు చూసి బెదిరిపోయింది.

"నేనేం చేశానమ్మా? ఇంకెప్పుడూ చెయ్యను. నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా."

"మరి ఎందుకు ఏడుస్తున్నావు? నేను చేశాను గదా."

నువ్వేం చెయ్యలేదని ఎన్నిసార్లు చెప్పినా ఎస్తేరు నమ్మలేదు. కనకవల్లి గారు కల్పించుకోలేదు. కొంతసేపయ్యాక మంచినీళ్ళ గ్లాసు తల్లి చేతికిచ్చి, "నమ్మడానికి టైము పడుతుంది లెండి. దానికి చాలా రోజులు వేరే మాట చెప్పారు గదా" అంది. ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు.

*

తర్వాత అన్నీ చక్కబడ్డాయంటే అబద్ధం. పున్నమ్మ నాలుగు నెలలు కోడలితో సరిగా మాట్లాడలేదు. పల్లెలో పిల్లలు ఎస్తేరుని "పిచ్చాసుపత్రి" అని పిలిచారు. మాత్ర వేసుకున్న కొత్తలో పిల్లకి అన్నం సయించక బుగ్గలు లోపలికి పోతే, డాక్టరు మోతాదు తగ్గించాడు.

బడిలో కనకవల్లి గారు చెప్పినట్టే చేసింది సంతోషకుమారి. పిల్లని కిటికీకి దూరంగా, తన బల్లకి దగ్గరగా కూర్చోబెట్టింది. పేజీ రాయమనడం మానేసి, మూడు వరసలు రాయించి, లేచి బోర్డు తుడిచి రమ్మనేది. మళ్ళీ మూడు వరసలు. టీచర్ అని పిలవక్కర్లేదని చెప్పింది. జూన్‌లో ఎస్తేరు అయిదో తరగతికి, అంటే యేసుపాదం గారి తరగతికి వెళ్ళింది. సంతోషకుమారి ఆయన్ని బతిమాలి ఒకసారి గుంటూరు తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటివాళ్ళని ఎంతమందిని బడి మానిపించానో అమ్మా" అన్నాడు.

ఇంట్లో తాడు లేదు. దెబ్బా లేదు. నాలుగు నెలలు లేదు. జులై మొదటివారంలో ఒక ఆదివారం, వాన పడుతుంటే, ఎస్తేరు ట్రంకుపెట్టె తెరిచి తల్లి ట్రైనింగు సర్టిఫికెట్టు తీసి పడవ చేసి వాననీళ్ళలో వదిలింది. కాగితం మీద సంతకాలు నీలంగా కరిగి కాలవలోకి పోతుండగా సంతోషకుమారి చూసింది. తర్వాత తన చేతులు ఏం చేశాయో ఆమెకి సరిగా తెలియదు. తెలివి వచ్చేసరికి పిల్ల గోడ మూల నక్కి ఉంది, పెదవి చిట్లింది, అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇన్ని ఊళ్ళు తిప్పి, ఇన్ని మందులు మింగించి, చివరికి మళ్ళీ అక్కడికే వచ్చావు గదే" అంది పున్నమ్మ. నాలుగు నెలల తర్వాత కోడలితో అన్న మొదటి పెద్దమాట అదే.

సంతోషకుమారి తడిగుడ్డతో పిల్ల పెదవి తుడిచింది. "తప్పు నాది. కాగితం తియ్యడం నీ తప్పు, కొట్టడం నా తప్పు. నా తప్పే పెద్దది" అని, మళ్ళీ మళ్ళీ ఆగుతూ చెప్పింది. ఎస్తేరు వింది. ఈసారి "నేనేం చేశాను" అని అడగలేదు. కొంచెంసేపు ఆలోచించి, "ఊఁ, నీదే పెద్దది" అంది. ఆ మాటకి సంతోషకుమారి గుండెలో ఏదో తెగినట్టయింది. దాంతోపాటే ఎందుకో కొంచెం ఊపిరి కూడా ఆడింది.

మర్నాడు బడికి సెలవు చీటీ పంపి, పిల్లని ప్రేమదాసు దగ్గర వదిలి, ఒక్కతే మొదటి బస్సెక్కింది. ఆసుపత్రిలో చీటీలిచ్చే గది ముందు వరసలో నిలబడింది. ఈసారి కొంగు తల మీదికి లాక్కోలేదు. వంతు వచ్చింది.

"ఏ డాక్టరు?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"కనకవల్లి గారి గదికండీ."

"పేషెంటు ఏదమ్మా? ఎప్పుడూ తెచ్చే పిల్లనీ తీసుకురావాలి."

"ఇవాళ పిల్ల కోసం కాదండీ."

"మరి ఎవరి పేరు రాయను?"

"నా పేరు రాయండి" అంది. "సంతోషకుమారి."